పాలబండి స్టీరింగు: అతుకు వేయాలా, పెద్దది వేయాలా?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాల సంఘాల ప్రతినిధుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)

వెనుక వరుసలో గోడకు ఆనుకొని నిలబడిన డ్రైవరు సోదరులను ముందుకు వచ్చి కూర్చోవలసిందిగా కోరుతున్నాను. ఈ రోజు మాట ఎక్కువగా వారిదే.

కార్యక్రమ పత్రంలో నాకు ఇచ్చిన విషయం 'సంఘాల లెక్కలు, ఆడిట్ అభ్యంతరాలు'. నేను ఆ విషయమే మాట్లాడతాను. కాని దానిని ఒక ఇనుప కడ్డీ దగ్గర మొదలుపెడతాను. నేను చదివింది పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా, చేసింది సహకార శాఖ ఉద్యోగం. ఈ రెండూ కలిసే చోటు ఇది ఒక్కటే.

ఈ మధ్య కొద్ది నెలలలో మూడు సంఘాల వారు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. కుప్పం వైపు ఒక సంఘం. అక్కడ గ్రానైటు లారీలు తిరిగి గుంతలు పడిన రోడ్డు మీద పాలబండి నడుస్తున్నది. పుంగనూరు వైపు ఒక సంఘం. అక్కడ పాలు పెరిగాయి గాని బండి పెరగలేదు. మదనపల్లె వైపు ఒక సంఘం. అక్కడ ఉదయం పాలు దించిన బండికే మధ్యాహ్నం టమోటా పెట్టెలు ఎక్కిస్తున్నారు. ముగ్గురి బండికీ ఒకటే జబ్బు: స్టీరింగు టై రాడ్డు వంగుతున్నది. ముగ్గురి ప్రశ్నా ఒకటే. ఉన్న రాడ్డుకు పైపు వేసి వెల్డింగుతో గట్టి చేయించాలా, లేక పెద్ద లారీ రాడ్డు తెచ్చి వేయించాలా?

2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడిన తరువాత మన ప్రాంతపు పాలు ఎన్నో దారులు పట్టాయి. బల్క్ కూలర్లు వచ్చాయి, ట్యాంకర్లు వచ్చాయి. అయినా ఎవరికి పోసినా, ఊరి పాలను కూలరు దాకా మోసేది క్యాన్ల బండే. మనం ఉన్నది మెట్ట మీద. చిత్తూరు వైపు పోవాలంటే మొగిలి ఘాటు దిగాలి. మదనపల్లె నుంచి తిరుపతి పోవాలంటే భాకరాపేట ఘాటు దిగాలి. ఆ మలుపుల్లో ఆ బండి ఎవరి చేతిలో ఉన్నదో మనకు తెలుసు. ఏ కడ్డీ మీద ఆధారపడి ఉన్నదో చాలామందికి తెలియదు. అందుకని ముందు అది చెబుతాను.

డ్రైవరు చక్రం తిప్పితే ఆ కదలిక స్టీరింగు బాక్సులోకి పోతుంది. బాక్సు నుంచి క్రిందికి వేలాడే డ్రాప్ ఆర్మ్ ముందుకు వెనుకకు ఆడుతుంది. దానికి తగిలించిన డ్రాగ్ లింకు కుడి చక్రాన్ని తిప్పుతుంది. కుడి చక్రాన్ని ఎడమ చక్రంతో కలిపేది టై రాడ్డు. దాని రెండు చివరలా బాల్ జాయింట్లు ఉంటాయి. మన మెకానిక్కులు వాటిని ఎండ్లు అంటారు. టై రాడ్డు మన బండి కాడి వంటిది. కాడి విరిగితే ఎద్దులు చెరొక దిక్కు పోయినట్లు, టై రాడ్డు తెగితే చక్రాలు చెరొక దిక్కు పోతాయి. బ్రేకు పోతే గేరు తగ్గించవచ్చు, హ్యాండ్ బ్రేకు ఉన్నది. స్టీరింగు తెగితే రెండవ ఉపాయం లేదు.

ఇప్పుడు నా స్వంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక సంఘానికి ఆడిట్‌కు వెళ్ళాను. సంఘం పేరు అవసరం లేదు. ఆ సంఘానికి స్వంత బండి ఉండేది. ఆ ఏడు టై రాడ్డు వంగితే పాలకవర్గం మూడు కొటేషన్లు పిలిచి, అందులో తక్కువ దానిని కాదని, బండి కంపెనీ డీలరు దగ్గర అసలు రాడ్డు కొన్నది. నేను ఆ వోచరు చూచి వ్రాశాను: 'తక్కువ కొటేషను ఉండగా ఎక్కువ ధరకు కొనుటకు కారణం చూపలేదు.' అక్షరాలా నియమం ప్రకారం ఆ అభ్యంతరం సరి అయినదే. తేడా సొమ్ము ఎంతంటే, ఆ సంఘం ఒక పూట పోసే పాలలో నాలుగు క్యాన్ల ధర కూడా కాదు.

ఆరు నెలలు తిరగకముందే ఆ రాడ్డు మళ్ళీ వంగింది. డ్రైవరు పెద్ద లారీ రాడ్డు వేయించమని అడిగాడు. సెక్రటరీ మాత్రం, 'ఇంకొకటి కొంటే ఆడిట్ సారు మళ్ళీ రాస్తాడు' అన్నాడు. చివరకు వంగిన రాడ్డును గ్యాసు మంట మీద వేడి చేసి చక్క చేయించి, పైన పైపు తొడిగి వెల్డింగు పెట్టించారు. చూడడానికి మొదటి దానికంటె రెండింతలు లావుగా ఉన్నది. అందరికీ ధైర్యం వచ్చింది. నలభై రోజులకు, తెల్లవారుజామున, చెరువు కట్ట మలుపులో వెల్డింగు అంచు దగ్గర అది తెగింది. బండి కట్ట దిగిపోయింది. క్లీనరు కుర్రవాడు క్యాన్ల మధ్య పడి ప్రాణంతో బయటపడ్డాడు. డ్రైవరుకు కాలు రెండు చోట్ల విరిగింది. అతడు మళ్ళీ ఏ బండీ నడపలేదు.

నేను ఆసుపత్రికి వెళ్ళాను. నన్ను తిడతాడనుకున్నాను. అతడు అన్న మాట ఇది: 'నేను పెద్ద రాడ్డు అడిగితి. వాళ్ళు అతుకు వేయిస్తిరి. మీరు లెక్క రాస్తిరి. అది ఎందుకు వంగతా ఉండాదని మాత్రం ఎవురూ అడగలేదు సార్.'

సోదరులారా, నేను ఈ రోజు చెప్పవలసిన దంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. అతుకా, పెద్దదా అనే ప్రశ్నకు ముందు ఇంకొక ప్రశ్న ఉన్నది. ఎందుకు వంగింది?

ఆ బండిని షెడ్డులో విప్పినప్పుడు ముసలి మెకానిక్కు ఒకాయన నాకు విరిగిన ముక్క చూపించాడు. విరిగిన చోట రెండు రంగులున్నాయి. ఒక వైపు నల్లగా, తుప్పు పట్టి, నున్నగా ఉన్నది. మిగిలిన వైపు వెండిలా మెరుస్తున్నది. నల్లని భాగం ఎన్నో రోజుల క్రితమే చిట్లింది. మెరిసే భాగం ఆ తెల్లవారుజామున తెగింది. పాలిటెక్నిక్‌లో ఈ సంగతి నేను చదువుకొన్నాను. 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షలు చేసి చూపించాడు. ఒక్కసారి మోపితే తట్టుకొనే బరువునే లక్షలసార్లు మోపితే ఇనుము అలసి చిట్లుతుంది. చదువుకొని కూడా ఆ వోచరు మీద అంకె చూశాను గాని ఇనుము చూడలేదు.

ఇక ఆ రాడ్డు వంగడానికి కారణాలు మూడు దొరికాయి. మొదటిది, కింగ్ పిన్ బుషులు అరిగి చక్రాలు ఊగుతున్నాయి. కందెన పెట్టి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. ఊగే చక్రం ప్రతి గుంతలోనూ టై రాడ్డును సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. రెండవది బరువు. మూడవది, టైరు మార్చేటప్పుడు టై రాడ్డు క్రింద జాకీ పెట్టడం, బండి దిగబడితే దానికే తాడు కట్టి లాగించడం. ఈ మూడు కారణాలూ అలాగే ఉండగా ఎంత గట్టి రాడ్డు వేసినా ఏమి ప్రయోజనం? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లే.

బరువు లెక్క పాల సంఘాల వారికి నేను నేర్పవలసిన పని లేదు. లాక్టోమీటరు 28 చూపితే లీటరు పాలు 1.028 కిలోలు. 40 లీటర్ల క్యానులో పాలు 41 కిలోల పైన. క్యాను బరువు కూడా కలిపితే 50 కిలోలకు దగ్గర. అంటే పది క్యాన్లు ఎక్కువ వేస్తే అర టన్ను ఎక్కువ వేసినట్లు. 'పాలే కదా' అంటారు. పాలూ బరువే. పైగా ఎక్కువైన క్యాన్లను బండి వెనుక చివరన పేరుస్తారు. అప్పుడు వెనుక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు తేలికగా ఉన్నదని సంతోషపడతాము. అది రోడ్డు పట్టు తప్పిన తేలిక. చట్టం సంగతి కూడా చెబుతాను. 2019 సవరణ తరువాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు.

ఇప్పుడు రెండు మందులనూ ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది అతుకు, అనగా ఉన్న దానినే గట్టి చేయడం. స్టీరింగు ఆర్ములు, ఎండ్లు పోత ఇనుము కావు. కొలిమిలో కొట్టి, వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ తగినంత వేడి చూపి పదును పెట్టిన ఉక్కు. మన కొడవలికి కమ్మరి పెట్టే పదును వంటిదే. దానిని గ్యాసు మంటలో ఎర్రగా కాల్చితే ఆ పదును పోతుంది. వెల్డింగు పెడితే అతుకు ప్రక్కన ఉన్న సన్నని పట్టీ గాజులా పెళుసవుతుంది. చిట్లు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. మధ్యలోని గొట్టం ఒక్కటే కదా, దానికి పైపు తొడిగితే ఏమి అంటారు. పైపు ఉన్నంత మేర వంగదు. పైపు ఆగిన అంచు దగ్గర దెబ్బ అంతా పోగవుతుంది. ఇంకొకటి. టై రాడ్డు వంగడం ఒక విధంగా హెచ్చరిక. చక్రం రాయికి తగిలినప్పుడు అది వంగి, డ్రైవరుకు చేతిలో తెలిసేలా చేస్తుంది. దానిని వంగనీయకుండా కట్టిపడేస్తే ఆ దెబ్బ ఎండు మీదికో, స్టీరింగు ఆర్మ్ మీదికో పోతుంది. అవి వంగవు, తెగుతాయి. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

రెండవది పెద్దది వేయడం. డ్రైవరు సోదరులకు ఇది ఇష్టం, నాకు తెలుసు. కాని ఎండుకు ఉండే మేకు ఏటవాలుగా, కూచిగా ఉంటుంది. అది స్టీరింగు ఆర్మ్‌లోని అదే వాటం గల రంధ్రంలో నిండుగా కూర్చోవాలి. వేరే బండి ఎండు తెస్తే వాటం కుదరదు. ఒక్క అంచు మీద నిలబడి లోపల కదులుతుంది. నట్టు ఎంత బిగించినా కొన్నాళ్ళకు మేకు మెడ దగ్గర తెగుతుంది. రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయిస్తే ఆర్మ్ కన్ను పలుచబడుతుంది. లావు రాడ్డు పూర్తిగా తిప్పినప్పుడు యాక్సిలుకో, స్ప్రింగుకో తగులుతుంది. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు అవుతుంది. మన పుంగనూరు కోడె మెడ మీద ఒంగోలు ఎద్దుల కాడి వేస్తామా? కోడెది తప్పు కాదు, కాడిదీ తప్పు కాదు. జత కుదరలేదు.

మరి ఏమి చేయాలి? నా సలహా ఇది. ముందు కారణం వెతికి సరి చేయాలి. తరువాత ఆ బండికి తయారీదారు నిర్దేశించిన అసలు భాగాన్నే కొత్తది వేయాలి. మీ రోడ్డు నిజంగా అంత చెడ్డదైతే, అదే మోడలుకు అదే తయారీదారు గట్టి రకం భాగం ఇస్తున్నాడేమో డీలరును అడగాలి. ఇస్తుంటే రాడ్డు ఒక్కటి కాక, తయారీదారు చెప్పిన మేరకు ఎండ్లతో సహా సెట్టుగా వేయించాలి. ఇవ్వకపోతే మీకు కావలసింది పెద్ద రాడ్డు కాదు, పెద్ద బండి, లేదా రెండవ ట్రిప్పు. రెండవ ట్రిప్పు డీజిలు ఖర్చు నాకు తెలుసు. ఒక కాలు ఖరీదు కూడా నాకు తెలుసు.

చట్టం కూడా ఇదే చెబుతున్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన దానికి, రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. రేపు ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు అతుకునే ముందు చూస్తాడు.

డ్రైవరు సోదరులు ఖర్చు లేకుండా చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 98వ నియమం స్టీరింగు గురించే. స్టీరింగు చక్రంలో వృథా ఆట 30 డిగ్రీలు మించరాదు. గడియారంలో 12 నుంచి 1 వరకు ఉన్న దూరమే 30 డిగ్రీలు. చక్రం అంతమేర తిరిగినా టైరు కదలకపోతే ఆ బండి పాలకు పనికిరాదు. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగు ఉండాలని, పిన్నులు, బోల్టులు కదలకుండా బంధించి ఉండాలని కూడా అదే నియమం. ఇరుసుకు చీల ఎంత ముఖ్యమో, ఎండు నట్టుకు స్ప్లిట్ పిన్ను అంత ముఖ్యం. దాని స్థానంలో కట్టుతీగ చుట్టడం నేను ఎన్నో బండ్లలో చూశాను.

వారానికి ఒకసారి క్లీనరును కూర్చోబెట్టి చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఆడించమని, మీరు క్రింద కూర్చొని ఎండ్లు చూడండి. రాడ్డు కదలకముందే ఎండు కదిలితే అది అరిగినట్లు. తరువాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైన క్రింద పట్టి ఊపండి. ఊగితే బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపండి. ఊగడం ఆగితే బేరింగు వదులు, ఆగకపోతే కింగ్ పిన్ అరిగింది. రాడ్డు విప్పినప్పుడల్లా కిరసనాయిలు గాని డీజిలు గాని పూసి, కొంతసేపు ఉంచి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాయండి. చిట్లు ఉంటే లోపల దాగిన నూనె సుద్ద మీదికి గీతలా పైకి వస్తుంది. పవర్ స్టీరింగు ఉన్న బండ్ల వారు మరింత జాగ్రత్త పడాలి. ఆ సుఖంలో లోపం చేతికి త్వరగా తెలియదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్నది కదా అనవద్దు. అది పరీక్ష జరిగిన నాటి సంగతి చెబుతుంది గాని ఈ ఉదయం సంగతి చెప్పదు.

ఇక నా అసలు విషయానికి, లెక్కలకు వస్తాను. సెక్రటరీలు ఆడిట్‌కు భయపడి అతుకు వేయించవద్దు. తక్కువ కొటేషను అన్న నియమం ఒకే రకం వస్తువుల మధ్యనే వర్తిస్తుంది. పశువుల దాణా మూటకు, ఊక మూటకు కొటేషన్లు పోల్చము కదా. కాని ఎక్కువ ధర ఎందుకు పెట్టారో మీరు వ్రాయకపోతే ఆడిటరుకు తెలియదు. అందుకని తీర్మానం ఇలా వ్రాసుకోండి:

'మన సంఘపు పాలబండి టై రాడ్డు వంగినందున, మెకానిక్కు పరీక్షించి కింగ్ పిన్ బుషులు అరగడమే కారణమని వ్రాసి ఇచ్చినందున, తయారీదారు నిర్దేశించిన నంబరు గల టై రాడ్డును, రెండు ఎండ్లను, కింగ్ పిన్ సెట్టును అధీకృత డీలరు వద్ద బిల్లుపై కొనుటకు తీర్మానించడమైనది. తక్కువ కొటేషను తయారీదారు నంబరు లేని భాగానికి సంబంధించినది కావున తిరస్కరించడమైనది. పాత భాగాలను కోయించి పాత ఇనుముగా అమ్మి సొమ్ము జమకట్టవలెను.'

కోయించమని ఎందుకు అంటున్నానంటే, కోయని పాత రాడ్డు రంగు పూసుకొని మళ్ళీ ఏదో బండి క్రిందికి చేరుతుంది. మీ సంఘం 1964 సహకార చట్టం క్రిందిదైనా, 1995 పరస్పర సహాయ సంఘాల చట్టం క్రిందిదైనా, ఈ మూడు వాక్యాలు ఉన్న వోచరును కాదనే ఆడిటరు ఉండడు. ఉంటే నాకు కబురు చేయండి, నేనే వచ్చి చెబుతాను.

బండి అద్దెది అయితే ఇది మనకు సంబంధం లేదనుకోవద్దు. అద్దె ఒప్పందంలో స్టీరింగు పరీక్ష, క్యాన్ల సంఖ్య, అతుకు భాగాల నిషేధం మూడు వాక్యాలుగా చేర్చండి. నెలకు ఒకసారి పాలకవర్గ సభ్యుడు ఒకరు బండి దగ్గర కూర్చొని పరీక్ష చూచి లాగ్ పుస్తకంలో సంతకం పెట్టాలి. క్యాన్లు ఎన్ని ఎక్కాలో నిర్ణయించేది పాలకవర్గం. ఎక్కువయ్యాయని చెప్పిన డ్రైవరును మందలించవద్దు, మెచ్చుకోండి.

పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు చెబుతుంది, వెన్న తగ్గితే టెస్టరు చెబుతాడు. బండి అడుగున ఉన్న కడ్డీ సంగతి చెప్పేది డ్రైవరు ఒక్కడే. ఆ రోజుల్లో ఆ డ్రైవరు రెండుసార్లు వచ్చి చెప్పాడు. పాలకవర్గం వెల్డింగు షాపుకు పంపింది, నేను కొటేషన్ల ఫైలు తిరగేశాను. రేపు ఉదయం మీ డ్రైవరు వచ్చి బండి ఎడమకు లాగుతున్నదని చెబితే, ఎంత ఖర్చవుతుందని అడగకముందు ఎందుకు లాగుతున్నదని అడగండి. ఇదే నా మనవి.

భోజనాలు అయిన తరువాత బయట నిలిపిన బండ్లను డ్రైవరు సోదరులతో కలిసి ఒక్కొక్కటిగా చూద్దాము. సుద్దపొడి, కిరసనాయిలు నేను తెచ్చాను.